తల్లి ఆయిస్టర్లు గొడ్డుపోలేదు, నీటిలో కార్బొనేట్ చాలడం లేదు

ప్రశ్న: పసిఫిక్ ఆయిస్టర్ల (ఆల్చిప్పల) పిల్లలను పుట్టించే హ్యాచరీ నడుపుతున్నాం. ఉదయం 6 గంటలకు సముద్రపు నీరు తోడి, వడగట్టి వాడుతున్నాం. సెలినిటీ (ఉప్పదనం) 32, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, పీహెచ్ 7.6 ఉంటోంది. గుడ్లు 90 శాతం దాకా ఫలదీకరణ చెందుతున్నాయి. రెండో రోజుకు మాత్రం పదింటికి రెండు మూడే డి ఆకారంలోకి వస్తున్నాయి. అవి కూడా పది రోజులకు ఎదుగుదల ఆగి అడుగున పడుతున్నాయి. డీలర్ ఇది విబ్రియో అనే బ్యాక్టీరియా తెగులని యాంటీబయోటిక్, పీహెచ్ బూస్టర్ ఇచ్చారు. వాడినా ఫలితం లేదు. మగ ద్రవం రెట్టింపు కలిపి కూడా చూశాం. సముద్రం ఆమ్లంగా మారుతోందని అంటున్నారు. దానివల్ల తల్లి ఆయిస్టర్లు గొడ్డుపోయాయా? అన్నింటినీ మార్చేయాలా?

సమాధానం: తల్లులను మార్చకండి. గొడ్డుపోయిన తల్లుల గుడ్లు నూటికి తొంభై ఫలదీకరణ చెందవు. విబ్రియో కూడా ఇక్కడ మొదటి ముద్దాయి కాదు. లోపమంతా ఫలదీకరణ జరిగిన మొదటి 48 గంటల్లో, పిల్ల తన తొలి గుల్ల కట్టుకునే వేళలో ఉంది. మీరు రాసిన అంకెలు చూస్తే ఆ గుల్ల కట్టడానికి కావలసిన కార్బొనేట్ మీ నీటిలో చాలడం లేదు.

డి లార్వా, అంటే డి ఆకారంలోని పసి పిల్ల, కట్టుకునే గుల్ల ఆరగొనైట్ అనే కాల్షియం కార్బొనేట్ రూపం. పెద్ద ఆయిస్టర్ గుల్ల ఎక్కువగా కాల్సైట్ అనే మరో రూపం. ఆరగొనైట్ దానికంటే తేలిగ్గా కరుగుతుంది. ఒక్క రోజులో ఆ పిల్ల తన బరువులో సింహభాగం గుల్లగానే మార్చుకోవాలి. అప్పటికి దానికి మేత తినే నోరు, పొట్ట సిద్ధం కావు. గుడ్డులో తల్లి పెట్టిన కొవ్వే ఇంధనం. నీటిలో కార్బొనేట్ తగ్గితే అదే గుల్లకు ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది. కొన్ని మధ్యలోనే ఆగి వంకరపోతాయి. కొన్ని ఎలాగో గుల్ల పూర్తిచేసి, నిల్వ అంతా ఊడ్చుకుపోయాక మేత మొదలుపెడతాయి. పదో రోజు అడుగున పడుతున్నవి ఇవే. ఆ చావుకు కారణం పదో రోజు నీటిలో వెతికితే దొరకదు.

అమెరికాలోని ఒరెగాన్ తీరంలో నెటార్ట్స్ అఖాతం ఒడ్డున ఉన్న విస్కీ క్రీక్ హ్యాచరీలో 2007, 2008లో అచ్చం ఇలాగే లార్వాలు కుప్పకూలాయి. వాళ్లూ మొదట విబ్రియోనే అనుకుని నీటి శుద్ధి యంత్రాలు పెట్టారు. లార్వాలు చావడం ఆగలేదు. 2009 వేసవిలో నీటి రసాయనాన్ని కొలిచి, 2012లో ప్రచురించిన ఫలితం ఇది: మొదటి 48 గంటల్లో నీటి ఆరగొనైట్ సంతృప్తత (ఆరగొనైట్ గుల్ల కట్టడానికి నీరు ఎంత అనువుగా ఉందో చెప్పే అంకె) ఎంత ఉందో, తర్వాత ఆ బ్యాచ్ ఎదుగుదల దాన్ని బట్టే సాగింది. సంతృప్తత సుమారు 1.7 దగ్గర లార్వాల మొత్తం బరువు పెరగలేదు, తరగలేదు. అంతకంటే దిగితే నష్టమే. మీ నీటికి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 110 మిల్లీగ్రాములు ఉందనుకున్నా, పీహెచ్ 7.6 దగ్గర సంతృప్తత 1.25 చుట్టుపక్కల ఉంటుంది. కనీసం 2 పైన, వీలైతే 3 దగ్గర ఉండాలి.

మగ ద్రవం రెట్టింపు చేయడం వెంటనే ఆపండి. ఆమ్లత వీర్యకణాల కదలికను తగ్గించగలదన్నది నిజమే. ఆస్ట్రేలియాలో ఒక జాతి సీ అర్చిన్ (ముళ్లుండే సముద్ర జీవి) మీద 2008లో వెలువడిన అధ్యయనంలో పీహెచ్ 0.4 తగ్గితే ఫలదీకరణ 24 శాతం తగ్గింది. సముద్రంలో వీర్యం పలచబడిపోతుంది కాబట్టి అక్కడ ఈ నష్టం లెక్కకు వస్తుంది. మీ బకెట్లో వీర్యకణాలు ఎప్పుడూ అవసరానికి మించే ఉంటాయి. ఇంకా పోస్తే ఒకే గుడ్డులోకి రెండు మూడు దూరి, పిండం అడ్డదిడ్డంగా చీలి చస్తుంది. మైక్రోస్కోప్‌లో ఒక్కో గుడ్డు చుట్టూ 5 నుంచి 10 వీర్యకణాలు కనిపిస్తే చాలు. మీ వంకర పిల్లల్లో కొంత భాగం ఈ రెట్టింపు పుణ్యమే అయి ఉంటుంది. పిండాలను మిల్లీలీటరుకు 30కి మించి ఉంచకండి, వాటి ఊపిరితోనే నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది.

ఇక సముద్రం సంగతి. మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రాలే పీల్చుకుంటున్నాయి. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల సగటు పీహెచ్ ఇప్పుడు 8.1 దాకా వచ్చింది. అంకె చిన్నదే అయినా ఆమ్లత 30 శాతం దాకా పెరిగినట్టు. అయితే మీ 7.6 మొత్తాన్ని దీని మీదికి నెట్టకండి. మిగతా దిగుడుకు స్థానిక కారణం ఉంటుంది, దాన్ని మీరే పట్టుకోవచ్చు. పీహెచ్ పడిన రోజు నీరు చల్లబడి సెలినిటీ పెరిగితే, గాలులకు లోతు నీరు పైకి వచ్చినట్టు. సెలినిటీ తగ్గితే నది నీరు కలిసినట్టు. రెండూ మారకుండా తెల్లవారుజామున మాత్రమే పీహెచ్ పడితే, రాత్రంతా నాచు, గడ్డి, అడుగు బురద ఊపిరి తీసి వదిలిన కార్బన్ డయాక్సైడ్ అది. మీరు నీరు తోడుతున్న ఉదయం 6 గంటలు రోజంతటిలోకీ చెడ్డ వేళ. ఈ ఒక్క అలవాటు మార్చుకున్నా నష్టం తగ్గే అవకాశముంది.

ఆల్కలినిటీ కొలవకుండా హ్యాచరీ నడపడం నాకు అస్సలు మింగుడుపడని విషయం. పీహెచ్ ఒక్కటే చూస్తే మోసపోతారు. సెలినిటీ 32, ఆల్కలినిటీ 110, పీహెచ్ 8.0 ఉన్న నీటిలో సంతృప్తత 2.8 దాకా ఉంటుంది. వరద నీరు కలిసి సెలినిటీ 20కి, ఆల్కలినిటీ 70కి పడిపోతే అదే పీహెచ్ 8.0 దగ్గర సంతృప్తత ఒకటిన్నరకు కూడా చేరదు. మీటర్ బాగుందనే చెబుతుంది, పిల్లలు మాత్రం చస్తాయి. పైగా పీహెచ్ మీటర్‌ను సరిచేసే 4, 7, 10 బఫర్ ద్రావణాలు మంచినీటి కొలతల కోసం చేసినవి. వాటితో సరిచేసిన మీటర్ సముద్రపు నీటిలో 0.1కి పైగా ఎక్కువ చూపవచ్చు. అంటే మీ 7.6 నిజానికి 7.5 కావచ్చు. సముద్రపు నీటి కోసం తయారుచేసిన ట్రిస్ బఫర్‌తో సరిచేయండి. శాంపిల్ సీసాను గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, అక్కడికక్కడే కొలవండి. ఆల్కలినిటీకి టైట్రేషన్ కిట్ చాలు. ఉష్ణోగ్రత, సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ నాలుగూ చేతిలో ఉంటే సీవోటూసిస్ అనే ఉచిత ప్రోగ్రామ్ సంతృప్తతను లెక్కగట్టి ఇస్తుంది. నీరు నింపిన ప్రతిసారీ ఈ నాలుగు అంకెలూ రిజిస్టర్‌లో ఎక్కాలి.

చేయాల్సిన పని ఇది. నీటిని ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల మధ్య తోడండి. రిజర్వాయర్‌లో 12 నుంచి 24 గంటలు గట్టిగా గాలి కొట్టండి. బ్లోయర్ గాలిని బయటి నుంచి లాగాలి. తలుపులు మూసిన గదిలోని గాలినే తిప్పితే, అందులో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ నీటిలోకి ఎక్కించినట్టే. గాలి సరిగా పడితే 7.6 నీరు 8.0 దగ్గరికి వస్తుంది. అప్పుడు రసాయనం అవసరమే ఉండదు.

గాలితో రాకపోతే సోడా యాష్, అంటే నిర్జల సోడియం కార్బొనేట్, ఆహార గ్రేడ్‌ది వాడండి. మీ నీటికి మోతాదు 1000 లీటర్లకు 16 గ్రాములు. ఇది ఆల్కలినిటీని లీటరుకు 15 మిల్లీగ్రాములు పెంచుతుంది. పీహెచ్ 7.6 నుంచి 7.9 దాటుతుంది, సంతృప్తత 2.8 దగ్గరికి చేరుతుంది. 16 గ్రాములను ఒక లీటరు ఆర్‌వో నీటిలో పూర్తిగా కరిగిస్తే, ఆ ద్రావణం లీటరు సముద్రపు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున సరిపోతుంది. పది వేల లీటర్ల ట్యాంకుకు పది లీటర్ల ద్రావణం. గాలి నడుస్తుండగా, గంటసేపు సన్నని ధారగా పోయండి. పొడిని నేరుగా చల్లినా, ఒక్కసారిగా గుమ్మరించినా పడిన చోట తెల్లని మబ్బులా మెగ్నీషియం, కాల్షియం విరిగిపోతాయి. మీరు పెంచాలనుకున్న కార్బొనేటే మడ్డిగా అడుగుకు చేరుతుంది. పోశాక రెండు గంటలు ఆగి మళ్లీ కొలిచి, తర్వాతే పిండాలు వదలండి. లార్వాలున్న ట్యాంకులో ఎప్పుడూ కలపొద్దు. పీహెచ్ 8.3 దాటనివ్వొద్దు. పాత నీటిలో అమ్మోనియా ఉంటే, పీహెచ్ పెరిగేకొద్దీ అది విషమవుతుంది.

బట్టలుతికే సోడా స్ఫటికాలు తెచ్చి అదే తూకం వేస్తే పని జరగదు. వాటి బరువులో ఎక్కువ భాగం నీరే, 16 గ్రాముల పని చేయడానికి 43 గ్రాములు కావాలి. వంటసోడా ఆల్కలినిటీని పెంచుతుంది కానీ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన నీటిలో పీహెచ్‌ను దాదాపు కదిలించదు. సున్నం లార్వా నీటికి పనికిరాదు. ఇక పీహెచ్ బూస్టర్ డబ్బా మీద అందులో ఏముందో, ఎంత శాతమో రాసి లేకపోతే దాన్ని మీ ట్యాంకులో పోయకండి. పేరు తెలియని పొడికి మోతాదు ఎవరూ చెప్పలేరు.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు. ఒకే తల్లి గుడ్లు, ఒకే మగ ద్రవం తీసుకుని, పది లీటర్ల బకెట్లు మూడు పెట్టండి. ఒకదాంట్లో మీరు ఉదయం తోడే నీరు, రెండోదాంట్లో అదే నీరు 24 గంటలు గాలి కొట్టి, మూడోదాంట్లో అదే నీటికి 10 మిల్లీలీటర్ల సోడా యాష్ ద్రావణం. 30 గంటల తర్వాత ఒక్కో బకెట్ నుంచి వంద చొప్పున లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్నది అచ్చంగా డి ఆకారంలో, రెండు చిప్పలూ కలిసే కీలు గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. లోపమున్నదాని కీలు మధ్యలో నొక్కుకుపోయి ఉంటుంది, లేదా గుల్ల అంచు దాటి మెత్తటి శరీరం బయటికి పొంగి ఉంటుంది. మైక్రోస్కోప్ దీపం మీద ఒక పోలరాయిడ్ ముక్క, కంటి కటకం మీద ఇంకొకటి పెట్టి, వెనకాల వెలుగు ఆరిపోయేదాకా ఒకదాన్ని తిప్పండి. సున్నం కట్టిన గుల్లలు చీకట్లో తెల్లగా మెరుస్తాయి, కట్టనివి కనిపించవు. రెండో, మూడో బకెట్లలో పదింటికి ఏడెనిమిది మెరిసి, మొదటిదాంట్లో రెండే మెరిస్తే జబ్బు నీటిదే. మూడింటిలోనూ రెండే మెరిస్తే అప్పుడు గుడ్ల నాణ్యత గురించి మాట్లాడుకుందాం.

విబ్రియో తీరు వేరు. అది సాధారణంగా గుల్ల చక్కగా కట్టిన లార్వాల మీద పడుతుంది. ఈదే జూలు ఊడిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ట్యాంకు మొత్తం అడుగుకు చేరుతుంది, చచ్చినవాటి చుట్టూ బ్యాక్టీరియా మూగి ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాల్లో ఇవేవీ లేవు. లేని తెగులుకు ప్రతి బ్యాచ్‌కూ యాంటీబయోటిక్ పోస్తే లొంగని బ్యాక్టీరియాను మీ పైపుల్లో మీరే పెంచుతున్నట్టు. నిజంగా విబ్రియో వచ్చిన రోజు ఏ మందూ పనిచేయదు. పైగా ఆ సీసాలో క్లోరామ్‌ఫెనికాలో నైట్రోఫ్యూరానో ఉంటే, ఆహార జీవుల్లో వాటి వాడకం చాలా దేశాల్లో నిషేధం. మైక్రోస్కోప్‌లో ఒక్క లార్వా చూడకుండా, నీటి చుక్క పరీక్షించకుండా తెగులు పేరు చెప్పే డీలర్ దగ్గర మందు కొనకండి.

తల్లుల విషయానికి వస్తే, పీహెచ్ ఓ మోస్తరుగా తగ్గినంతమాత్రాన గుడ్లు తయారవడం ఆగదు. మరీ తీవ్రంగా పడిపోతేనే బీజకోశాలు దెబ్బతింటాయి. సిడ్నీ రాక్ ఆయిస్టర్ల మీద జరిగిన పరిశోధనలో, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన నీటిలో పక్వానికి తెచ్చిన తల్లిదండ్రుల పిల్లలు అలాంటి నీటిలోనే మిగతావాటికంటే పెద్దగా, వేగంగా ఎదిగాయి. కాబట్టి ఇన్నాళ్లు మీ నీటిని తట్టుకున్న తల్లులను పారేయడం చేజేతులా చేసుకునే నష్టం. వాటికి మేత తగ్గనివ్వకండి. గుడ్డులోని కొవ్వే పిల్ల గుల్లకు పెట్టుబడి. పక్వానికి తెచ్చే 6 నుంచి 8 వారాలూ రోజూ ఆ ఆయిస్టర్ల ఎండు మాంసం బరువులో 3 నుంచి 6 శాతం మేర, ఎండు బరువు లెక్కన, కీటోసెరాస్, ఐసోక్రైసిస్ అనే సూక్ష్మ నాచులు కలిపి ఇవ్వండి.

మీ పక్కనే రొయ్యల హ్యాచరీ ఉంటే ఈ మోతాదు వాళ్లకు చెప్పకండి. రొయ్య పిల్ల మొదటి రోజే సున్నపు గుల్ల కట్టదు, దాని లెక్క వేరు.

ఈ వారం బ్యాచ్ వేయకుండా మూడు బకెట్ల పరీక్ష పూర్తిచేయండి. ఉదయం 6కు, మధ్యాహ్నం 3కు కొలిచిన ఉష్ణోగ్రత, సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ ఏడు రోజులవి, బకెట్ల లెక్కతో కలిపి పంపండి. నీటి ఆల్కలినిటీ 110కి బాగా తేడాగా ఉంటే సోడా యాష్ మోతాదు మార్చి చెబుతాను. అప్పటిదాకా యాంటీబయోటిక్ సీసా మూత తీయకండి.