సతతహరితారణ్యాలన్నీ వర్షారణ్యాలేనా?

సందేహం: మా అమ్మాయి పాఠంలో అమెజాన్ అడవులను ‘సతతహరితారణ్యాలు’ అన్నారు. పేపర్లో ‘వర్షారణ్యాలు’ అనీ, టీవీలో ‘వర్షాధార అడవులు’ అనీ అంటున్నారు. మూడూ ఒకటేనా? ఏది వాడాలి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

సమాధానం: ముందుగా ‘వర్షాధార’ వదిలేయండి. వర్షాధార సేద్యం అంటే కాలవ, బోరు లేకుండా వానను నమ్ముకున్న సాగు. అడవులన్నీ అలా వాన మీద బతికేవే కాబట్టి ఆ విశేషణం నల్లమలకూ అమెజాన్‌కూ తేడా చూపించదు.

మిగతా రెండింటి తేడా తెలియాలంటే ఆండ్రియాస్ షింపర్ దగ్గరికి వెళ్లాలి. స్ట్రాస్‌బర్గ్‌లో 1856లో పుట్టి, బాన్‌లో పనిచేసిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త. ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందో జాబితా రాయడంతో ఆయనకు తృప్తి కలగలేదు. అక్కడే ఎందుకు పెరుగుతుంది, ఆ నేలలో నీళ్లు ఎలా తీసుకుంటుంది అని అడిగాడు. బ్రెజిల్, సిలోన్, జావా తిరిగి చూసి, 1898లో వృక్ష భూగోళశాస్త్రం మీద పెద్ద గ్రంథం వేశాడు. ‘ఉష్ణమండల వర్షారణ్యం’ అన్న పేరు స్థిరపడింది దానితోనే. ఆయన లెక్కలో అది ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, తేమను కోరే చెట్లు కావాలి, ఎత్తు కనీసం 30 మీటర్లు, లావుపాటి తీగలు, కొమ్మల మీద పెరిగే మొక్కలు విరివిగా ఉండాలి.

సతతహరితానికి ఇన్ని షరతులు లేవు, ఆకులన్నీ ఒక్కసారిగా రాలకపోతే చాలు. వాన అంతగా లేని శ్రీహరికోటలోనూ పొట్టి చెట్ల సతతహరితారణ్యం ఉంది. దాన్ని వర్షారణ్యం అనలేం. కోరింగ మడ అడవులూ అంతే. ఈ మడచెట్లను షింపర్ ఎంతో శ్రద్ధగా చూశాడు. వేళ్లు నీళ్లలోనే ఉన్నా చాలా చెట్ల ఆకులు ఎడారి మొక్కల ఆకుల్లా దళసరిగా ఉంటాయి. ఉప్పు వల్ల వేరు ఆ నీటిని సులువుగా పీల్చుకోలేదు. నేల తడిగా ఉన్నా మొక్కకు కరువేనన్న ఈ వివరణ నాకు ఆయన రాసినవాటన్నిటిలోకీ గొప్పగా అనిపిస్తుంది. సముద్రయాత్రలో సోకిన మలేరియాతో ఆరోగ్యం పాడై, 45 ఏళ్లకే 1901లో పోయాడు.

అమెజాన్‌ను సతతహరితారణ్యం అన్నా తప్పు కాదు, వర్షారణ్యం అంటే ఇంకా కచ్చితం. వర్ష + అరణ్యం, సవర్ణదీర్ఘసంధి. తేలిగ్గా ‘వానల అడవి’ అన్నా నాకు ఇష్టమే. ‘వర్ష అడవి’ మాత్రం అతకదు.