పిల్లల స్పోర్ట్స్ ప్రోగ్రామ్‌కి గీసిన చీతా మస్కట్ కోపంగా కనిపిస్తోంది, ఏం మార్చాలి?

చీతాని తీసేసి కుందేలు పెట్టాలా అని అడిగారు. అక్కర్లేదండి. చిన్నపిల్లల ఆటల కోచింగ్ ఒకదానికి నేను ఉడుత మస్కట్ గీశాను, ఆ పనిలో నాకు బాగా తెలిసొచ్చింది ఏంటంటే జంతువు ఏదైనా పర్లేదు, ముఖం కొలతలు కుదిరితే పిల్లలు దగ్గరికొస్తారు. 1980 మాస్కో ఒలింపిక్స్ మస్కట్ మీషా ఎలుగుబంటే కదా! పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే విక్టర్ చిజికోవ్ దాన్ని గీశారు, చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది.

పెద్ద తల, ఎత్తయిన నుదురు, ముఖంలో సగానికి కిందగా ఉండే పెద్ద కళ్లు, బూరెబుగ్గలు, పొట్టి చేతులూ కాళ్లూ చూస్తే మనకి ముద్దొస్తుందని జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశారు. మీ చీతాకి కూడా కళ్లు కిందికి దించండి, మూతి పొట్టిగా చేయండి. కనుబొమ్మలు ముక్కువైపు కిందికి వాలి ఉంటే నోరు ఎంత నవ్వినా కోపమే కనబడుతుంది, కాబట్టి మొదట వాటిని సరిచేయండి. చీతాతో ఇంకో చిక్కుంది, కళ్ల దగ్గర్నుంచి మూతిదాకా దిగే నల్లచారలు. అవే ముఖానికి ఆ కరుకుదనం తెస్తాయి, అలాగని పూర్తిగా తీసేస్తే అది చిరుతపులి అయిపోతుంది. చారల్ని పొట్టిగా, చివర్లు గుండ్రంగా, బుగ్గ వంపు వెంట బయటికి తిప్పి చూడండి.

కండలు, పళ్లు, దూకబోతున్న పోజు మాత్రం వద్దు. పెద్దవాళ్ల టీమ్ లోగోలు ఎదుటి టీమ్‌ని బెదిరించాలని అలా గీస్తారు. మీ దగ్గరికొచ్చేది ఇంకా బంతి పట్టుకోవడం కూడా రాని పిల్లాడు, వాడికి "రా, ఆడుకుందాం" అన్నట్టు మీ చీతా చేతులు చాపి నిలబడాలి.

పిల్లల్ని "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు, దానివల్ల ఏమీ తెలీదు. "ఇది ఏమంటోంది?" అని అడగండి. మా ఉడుత మొదటి బొమ్మ చూసి ఒక పాప "తిడుతోంది" అంది, వెంటనే కనుబొమ్మలు మార్చాం. తర్వాత బొమ్మ దాచేసి గుర్తున్నంత గీయమన్నాం. అందరూ తోకా బూట్లూ గీశారు, మెడలో విజిల్ ఎవరూ గీయలేదు, తీసేశాం. ఈ పరీక్ష తప్పకుండా పెట్టండి, పిల్లలు చూడకుండా గీయగలిగే బొమ్మే వాళ్ల నోట్‌బుక్కుల్లోకి వెళ్తుంది.

ప్రింటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రెండు మూడు రంగులు చాలు, ఒక్క రంగులో వేసినా గుర్తుపట్టాలి, టోపీ మీద ఎంబ్రాయిడరీ చేయిస్తే సన్నటి మీసాలు నిలవవు. మచ్చలు కూడా తక్కువగా, పెద్దగా పెట్టండి.

కాస్ట్యూమ్ కుట్టించే ఆలోచన ఉంటే మాత్రం, కింద కూర్చుని పైకి చూస్తే తల ఎలా ఉందో చూడండి. చిన్నపిల్లలకి కనిపించేది గడ్డమూ, తెరిచిన నోరే. మా దగ్గర కొందరు పిల్లలు ఉడుత కాస్ట్యూమ్‌ని చూసి ఏడ్చారు, అందుకే లోపలున్న అబ్బాయికి ఒకటే చెప్పాం: పిల్లల మీదికి వెళ్లొద్దు, దూరంగా మోకాళ్ల మీద కూర్చో, వాళ్లే వస్తారు.

ఇంకొకటి, గెలిచి ఎగిరే పోజులు అందరూ గీస్తారు. మీరు బూటు లేసు కట్టుకునేవి, నీళ్లు తాగేవి, కిందపడి లేచేవి కూడా గీసి పెట్టుకోండి, కోచ్‌లు ఎక్కువగా అడిగేవి అవే.