కార్బన్ డేటింగ్‌తో డైనోసార్ ఎముకల వయసు చెప్పగలమా?

చెప్పలేం, ఈ పద్ధతి ఒకప్పుడు ప్రాణమున్న వాటికే, అదీ దాదాపు 50,000 ఏళ్ల లోపు వాటికే పనికొస్తుంది. చెట్టయినా జంతువైనా బతికున్నంతకాలం గాలి నుంచో తిండి నుంచో కార్బన్-14 (తనంతట తానే నెమ్మదిగా తరిగిపోయే ఒక రకం కార్బన్) అందుకుంటూనే ఉంటుంది. చనిపోగానే ఆ రాబడి ఆగిపోతుంది. ఉన్నది మాత్రం ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతూ పోతుంది. బొగ్గు ముక్కలో పావు వంతే మిగిలిందంటే సుమారు 11,460 ఏళ్లన్నమాట. (గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకేలా లేదు, అందుకే ఈ లెక్కను చెట్ల వలయాలతో సరిచూస్తారు.) 50,000 ఏళ్లకు మిగిలేది వెయ్యిలో రెండు వంతులకు కాస్త ఎక్కువ, కొత్త కార్బన్ రవ్వంత కలిసినా లెక్క తప్పుతుంది. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లయింది!

రాతి విగ్రహం వయసు కూడా ఇలాగే తేలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పరీక్ష చేసేది దాని పక్కన దొరికిన బొగ్గుకో ఎముకకో. ఆ తేదీ విగ్రహం చెక్కిన తేదీయే కానక్కర్లేదు.