సుంకేసుల బ్యారేజీలో రెండుసార్లు నీళ్లలోకి వేయంగానే చెక్క లూర్ (చేపలు పట్టే బొమ్మ ఎర) పెయింట్ ఉబ్బింది అన్నదానికి

తప్పు పెయింట్‌ది కాదన్నా, హుక్కు రింగుల కోసం కొట్టిన రంధ్రాలది. సీలర్ (చెక్కలోకి నీళ్లు పోకుండా పెయింట్ కింద పూసే పూత) అంతా పూసినాక డ్రిల్ పెట్టినావు కదా, అక్కడ లోపలి చెక్క నీళ్లు తాగి ఉబ్బుతాది, పైన పెయింట్ లేస్తాది.

1. రంధ్రాలు ముందే కొట్టు. ఆ తర్వాతే సాండింగ్ సీలర్ రెండు కోట్లు, ఇయర్‌బడ్‌తో రంధ్రం లోపల కూడా పూయి. అందరూ మర్చిపోయేది ఇదే, నేనూ మూడు లూర్లు ఇట్లనే పాడు చేసుకున్నా.
2. రింగు బిగించేటప్పుడు దాని మర చుట్లకు కాస్త ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) రాసి తిప్పు.
3. చెక్క పొణికి అయితే తేలిక, చెక్కడం సులువు, కాకపోతే నీళ్లు బాగా పీలుస్తాది, ఇంకో కోటు వెయ్యి. టేకులో నూనె ఉంటాది, అందుకే ఎపాక్సీ సరిగా పట్టదు.

ఉన్నదాన్ని పారేయొద్దు, ఉబ్బిన చోట గీకి నీడలో వారం ఆరబెట్టు, మన కర్నూలు ఎండలో పెడితే చీలిపోతాది, ఆరినాక మళ్లీ సీలర్ పూయి.