అవి నైవేద్యమో కాదో నేను అడగనే లేదు

నాయనా,

రూంలో ఉండే పిల్లోడితో మాటా మాటా పెరిగి రెండు రోజులుగా పలకరింపుల్లేవని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ‘మీ దేవుళ్లు రాళ్లు’ అన్నావంట. తిట్టనులే. నీ వయసులో నేను చేసింది అంతకంటే ఎక్కువే.

అప్పుడు ప్రొద్దుటూరులో అద్దెకుండేవాళ్లం. ఉగాది నాడు ఇంటి ఓనరమ్మ బక్షాలు, అదే బొబ్బట్లు, తెచ్చింది. ఇంకా వేడిగా ఉన్నాయి, తట్ట అంచుకు నెయ్యి అంటుకుంది, పైన అరిటాకు. ‘విగ్రహాలకు పెట్టినవి మేం తినం’ అని వాకిట్లోనే చెప్పి, ఆమె చేతిలో ఓ సువార్త కరపత్రం పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. ఆకు సర్దుకుని వెళ్లిపోయింది. మేం ఆ ఇంట్లో ఉన్న మూడేళ్లలో మళ్లీ మా గడప తొక్కలేదు.

అవి నైవేద్యమో కాదో నేను అడగనే లేదు. ఎవరైనా పిలిచి వడ్డిస్తే విచారించకుండా తినమనీ, ఇది బలి అర్పించినదని వాళ్లే చెబితే వద్దనమనీ బైబిల్లో పౌలు కొరింథీయులకు రాశాడు. వద్దనాల్సే వచ్చినా, ‘ఏమనుకోవద్దమ్మా, కూర్చోండి, కాఫీ తాగి పోదురు’ అంటే నా సొమ్మేం పోయేది?

మన విశ్వాసం గురించి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురు వాక్యం మనకందరికీ కంఠతా వచ్చు. అందులోనే ‘అడుగు ప్రతివానికిని’, ‘సాత్వికముతోను’ అని ఉంది. వాటిని మింగేసి చదువుతాం. ఆ పిల్లోడు నిన్ను ఏమైనా అడిగాడా?

పౌలు ఏథెన్సులో ముందు ఊరంతా తిరిగి చూశాడు, తర్వాత వాళ్ల కవుల మాటే ఎత్తుకుని మాట్లాడాడు. మన సి.పి. బ్రౌను దొర పాదిరి కొడుకే. అయినా వేమన పద్యాలు పోగేసి 1829లో అచ్చు వేయించాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరున్న లైబ్రరీ నీ రూంకు దగ్గరే, ఆదివారం ఆరాధన అయ్యాక ఓసారి పోయిరా.

మీ ఆఫీసులో ముస్లిం స్నేహితుడున్నాడన్నావు కదా. ఖురానులో మరియమ్మ పేరుతో ఒక సూరానే, అంటే ఒక అధ్యాయమే, ఉంది. అక్కడ మొదలుపెడితే మాట సాగుతుంది. సిలువ దగ్గర, దేవుని కుమారుడనే దగ్గర మాత్రం కలవదు. దాన్ని దాచొద్దు, గెలవాలనీ చూడొద్దు.

ఈ రాత్రికి ఆ పిల్లోడికి సారీ చెప్పు. ఉత్త సారీనే, వెనకాల వాక్యం తగిలించొద్దు. శనివారం ఇద్దరూ ఇంటికి రండి. అతను కోడికూర తింటాడో తినడో అడిగి చెప్పు, పెద్దమ్మ సంగటిలోకి ఏం చేయాలా అని చూస్తోంది.

మీ పెదనాయన