శ్రీశైలానికి సైకిల్ మీద: యాప్ సంగతి తర్వాత

ప్రశ్న: స్నేహితులిద్దరం హైదరాబాద్ నుంచి సైకిళ్ల మీద శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం. తర్వాత ఇంకా దూరాలు తిరగాలని ఉంది. హ్యాండిల్‌కి బిగించే జీపీఎస్ సైకిల్ కంప్యూటర్ కొనాలా, ఫోన్ సరిపోతుందా? షాపులో వైర్‌లెస్ ఎలక్ట్రానిక్ గేర్ల సైకిల్ తీసుకోమంటున్నారు. సైకిల్ రైడ్లు రికార్డు చేసే మంచి యాప్ కూడా చెప్పండి.

జవాబు: చలి మొదలైతే చాలు, ఈ ప్రశ్న వచ్చేస్తుంది. అందరూ యాప్ పేరే అడుగుతారు. వెనక చక్రానికి స్పోక్స్ ఎన్ని ఉండాలని అడిగినవాళ్లు లేరు. బరువు మోసే సైకిల్‌కి 36 ఉంటే మంచిది.

ఫోన్ చాలు. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, మ్యాప్‌కే కావాలి. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక చాలాదూరం నెట్ అందదు. అందుకే మ్యాప్ ముందే దించుకుని, ఇంట్లోనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి దారి అడిగి చూడండి. కొన్ని యాప్‌లు మ్యాప్ చూపిస్తాయిగానీ, దారి లెక్కకట్టమంటే నెట్ కావాలంటాయి. అడవిలోనూ అదే మోడ్‌లో ఉంచండి, లేకపోతే టవర్ కోసం వెతికి వెతికి ఫోన్ బ్యాటరీ అయిపోతుంది. ఇక పవర్ బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా, ఆ లెక్క లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది, ఫోన్‌కిచ్చే 5 వోల్టులకి మార్చేటప్పుడు కొంత పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని అది రెండుసార్లు నింపదు, ఒకటిన్నరసార్లు నింపితే గొప్ప.

ఎండలో కనిపించే తెర, తడి చేత్తోనూ పనిచేసే బటన్లు కావాలంటే సైకిల్ కంప్యూటర్ బాగానే ఉంటుంది. కానీ డబ్బా తెరవగానే అకౌంట్ తెరువు, ఫోన్‌తో కలుపు, అప్‌డేట్ చెయ్యి అంటుందే, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. వేగం ఎంతో చూపించడానికి దానికి నా ఈమెయిల్ ఎందుకు? ఏ డిజైనరైనా దీన్ని ఎండలో రోడ్డు పక్కన నిలబడి ఒక్కసారి వాడి చూశాడా?

ఎలక్ట్రానిక్ గేర్లు టూరింగ్‌కి వద్దు. 2024లో అమెరికా పరిశోధకులు ఒక వైర్‌లెస్ గేర్ల వ్యవస్థ సిగ్నల్‌ని రికార్డు చేసి, తిరిగి వదిలి, గేర్లు మార్చి చూపించారు. నల్లమలలో మిమ్మల్ని ఎవరూ హ్యాక్ చెయ్యరులెండి. అచ్చంపేట మెకానిక్ మాత్రం దాన్ని బాగుచెయ్యలేడు. మామూలు గేర్ల కేబుల్ తెగితే ఏదో ఒకటి చేసి పంపిస్తాడు. స్టీల్ ఫ్రేమ్, క్యారియర్ బిగించే రంధ్రాలు, బైక్ ట్యూబుకి ఉండేలాంటి వాల్వ్ చూసుకోండి. అలాంటి వాల్వ్ అయితే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి దొరుకుతుంది. ఈగలపెంట దాటాక డ్యామ్ దాకా దిగి, మళ్లీ శ్రీశైలం ఎక్కాలి కాబట్టి అన్నిటికన్నా తేలిక గేరులో వెనక గేరు చక్రం పళ్లు ముందు చక్రం పళ్లకంటే తక్కువ ఉండకూడదు.

నాకు అసలు టెన్షన్ రైడ్ యాప్‌తోనే. చాలా యాప్‌లలో మీ రైడ్ అందరికీ కనిపించేలానే సెట్ అయి వస్తుంది. మ్యాప్ మీద మీ రైడ్ గీత రోజూ ఎక్కడ మొదలవుతుందో చూస్తే మీ ఇల్లు తెలిసిపోతుంది. ఖరీదైన సైకిల్ ఫొటో కూడా పక్కనే ఉంటుంది. 2017లో ఒక యాప్ ప్రపంచం మొత్తం రైడ్లను, పరుగులను కలిపి మ్యాప్‌గా పెడితే, 2018 మొదట్లో సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తే దారులే బయటపడ్డాయి. ఇంటి చుట్టూ గుండ్రంగా కొంత దాచే సెట్టింగ్ ఉంది కదా అంటారు. గీతలన్నీ ఒకే వలయం అంచున ఆగితే, మధ్యలో ఉన్నదేమిటో లెక్కకట్టడం కష్టమేం కాదు. రైడ్లు మీకొక్కరికే కనిపించేలా మార్చండి, పాతవి కూడా. ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టండి. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి, గంటల గడువు పెట్టి పంపండి; అడవిలో ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నంతసేపు అది కదలదని ముందే చెప్పండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ లింకు పెట్టేవాళ్లున్నారు. ఇంటికి తాళం వేశామని నోటీసు బోర్డులో రాసినట్టే!

యాప్ పేరు చెప్పలేదని కోప్పడకండి, ఈ సెట్టింగులు ఉన్నది ఏదైనా సరే. ఇంకొకటి: యాప్ చెప్పే చేరే సమయాన్ని నమ్మి బయల్దేరకండి, మీ సామాను బరువు దానికి తెలియదు. ఈ దారి వెళ్లే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. చీకటి పడేలోగా మన్ననూరులోనే బస చూసుకుని, పొద్దున్నే అక్కడి అటవీ గేటు తెరిచాక కదలండి.