లారీ నంబరు ఉన్నది ఆ ఒక్క ఫైల్లోనే, దాన్ని ముట్టుకోకండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బండి మీద ఊళ్లు తిరుగుతూ, హెల్మెట్ గడ్డం దగ్గర గోప్రో కెమెరా బిగించి తీసిన వీడియోలు నా చానెల్లో పెడుతుంటాను. నాలుగు నెలల పద్దెనిమిది రోజుల కిందట జమ్మలమడుగు దాటి గండికోటకు పోతుండగా, ఎదురుగా వస్తున్న లారీ తన ముందున్న ఆటోను దాటబోయి నా వైపుకు వచ్చేసింది. దాని బాడీ నా హ్యాండిల్‌కు తగిలి పడ్డాను. లారీ ఆపలేదు. కుడి ముంజేతికి, భుజానికి ప్లేట్లు వేశారు. నేను ఆస్పత్రిలో ఉండగా మా బావ స్టేషన్‌కు పోయి 'బండి అదుపుతప్పి పడ్డాడు' అని రాసిచ్చాడు. ఎఫ్ఐఆర్‌లో లారీ ఊసే లేదు. వీడియోలో మాత్రం లారీ, నంబరు కనిపిస్తాయి. పని లేక ఇల్లు గడవడం లేదు, అమ్మ రోజూ ఏడుస్తోంది. ఆ లారీ వాళ్లకు మనస్సాక్షి లేదా? వీడియో మీద నా వేగం 71 అని పడింది. అది తీసేసి కొత్తగా ఎడిట్ చేసి కోర్టుకిద్దామని మిత్రుడు అంటున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఫైలు ఉంది, చానెల్లో వీడియో ఉంది. కార్డు కెమెరాలోనే ఉంది, కానీ పోయిన నెల మా తమ్ముడు బెలూం గుహలకు పోతూ అదే వాడాడు. నాకు పరిహారం వస్తుందా?

జవాబు: లారీ డ్రైవరు మనస్సాక్షి సంగతి కోర్టు అడగదు. తప్పు ఎవరిది అన్నది కూడా రెండో ప్రశ్నే. మీ కేసులో మొదటి ప్రశ్న ఒకటే: ఆ రోజు, ఆ చోట, ఆ లారీ ఉందా? పోలీసు కాగితం ప్రకారం లేదు. మీ ఇంటి మనిషే లేదన్నట్టు రాసిచ్చాడు. ఇప్పుడు మీరు లారీ నంబరుతో మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పోతే, ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు మొదటి రోజే 'పరిహారం కోసం తర్వాత తెచ్చి ఇరికించిన లారీ ఇది' అంటాడు. అలాంటి దొంగ కేసులు నిజంగానే వస్తుంటాయి కాబట్టి ఆ మాటకు కోర్టులో బలం ఉంది. దానికి మీ దగ్గరున్న జవాబు కెమెరాలో పడిన అసలు ఫైలు. అలాంటి కార్డును మీ తమ్ముడికి ఎలా ఇచ్చారు? చేతికి ప్లేట్లు వేయించుకున్న మనిషి, తన కేసు మొత్తం ఉన్న గోరంత కార్డును నాలుగు నెలలు కెమెరాలోనే వదిలేశారు. క్షమించరాని అజాగ్రత్త ఇది. ల్యాప్‌టాప్‌లో కాపీ ఉండబట్టి ఇంకా దారి మిగిలింది.

ముందు గడువు సంగతి. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం పిటిషన్ వేయాలి. 2019 సవరణలో చేర్చిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆలస్యాన్ని మన్నించే వీలు ఆ సెక్షన్లో రాయలేదు. ఈ నిబంధన చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు, ఆలస్యం పేరు మీద పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం కూడా వచ్చింది. మధ్యంతర ఆదేశం ఎప్పుడైనా మారుతుంది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకు నలభై రోజులు మిగిలాయి. ఫోరెన్సిక్ రిపోర్టు, పోలీసుల తుది నివేదిక చేతికొచ్చాకే వేద్దామని ఆగొద్దు. పిటిషన్ వేసేయండి, మిగతా కాగితాలు తర్వాత దాఖలు చేసుకోవచ్చు. 166(2) ప్రకారం ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునల్లోనే వేయాలని లేదు, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు.

ఇక మీ మిత్రుడి సలహా. దాని జోలికి పోకండి. తెర మీద కనిపించే 71 అన్న అంకె కెమెరా బొమ్మలో పుట్టింది కాదు. ఎగుమతి చేసేటప్పుడు యాప్ దాన్ని పైన అతికిస్తుంది. అసలు ఫైల్లో బొమ్మ, శబ్దంతో పాటు జీపీఎస్ వివరాలు విడిగా ఒక ట్రాక్‌గా నమోదవుతాయి. మీ వేగం అందులో ఉంటుంది. మీరు ఏ చోట ఉన్నారు, ఉపగ్రహం లెక్కన సమయం ఎంత అన్నవి కూడా అందులోనే ఉంటాయి. ఆ సమయానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైము. 'లారీ ఆ రోజు అక్కడుంది' అని చెప్పే సాక్షి మీకు ఆ ట్రాకే. ఎడిట్ చేసి కొత్త ఫైలుగా తీస్తే మామూలుగా అది మొత్తం రాలిపోతుంది. వేగం దాచబోయి చోటూ సమయమూ పోగొట్టుకుంటారు. అవతలి వకీలు అసలు ఫైలు అడిగాడా, రెండూ పక్కపక్కన పెడితే దాచిన సంగతి నిమిషంలో బయటపడుతుంది. ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా నిలవదు. కోర్టులో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 228 కింద నేరం, 229 కింద ఏడేళ్ల వరకు జైలు. పరిహారం కోసం పోయి ముద్దాయిగా నిలబడే పని ఇది.

అసలు ఆ 71కి అంత భయం ఎందుకు? మధ్యలో డివైడర్ లేని మామూలు రోడ్డు మీద మోటారుసైకిలుకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 60. మీరు మించారు, అది ఒప్పుకోండి. కానీ వేగం మించినంత మాత్రాన పరిహారం కోసేయరు. ఆ తప్పుకూ ప్రమాదానికీ కారణ సంబంధం ఉండాలి. బండి మీద ముగ్గురెక్కిన కేసులో, మహమ్మద్ సిద్ధిఖ్ తీర్పుగా 2020లో వచ్చినదాంట్లో, సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: చట్టం ఉల్లంఘించడం ఒకటి, ఆ ఉల్లంఘనే ప్రమాదానికి దోహదం చేసిందని రుజువు కావడం ఇంకొకటి. లారీ మీ వైపుకు వచ్చేసినప్పుడు మీరు 60లో ఉన్నా తగిలేదే అని చూపగలిగితే కోత పడకపోవచ్చు, పడినా కొంతే.

ఆ లెక్క ఫ్రేముల్లో తేలుతుంది. సెకనుకు 30 ఫ్రేములతో తీసి ఉంటే, లారీ ఆటో వెనక నుంచి బయటికి తొంగిచూసిన ఫ్రేము నుంచి మీకు తగిలిన ఫ్రేము దాకా ఎన్ని ఉన్నాయో లెక్కించండి. 45 వస్తే మీకు దొరికిన వ్యవధి ఒకటిన్నర సెకను. వేగాన్నీ ఇలాగే సరిచూడొచ్చు. వీడియోలో కనిపించే కల్వర్టు గోడ నుంచి కరెంటు స్తంభం దాకా అక్కడికెళ్లి టేపుతో కొలిస్తే 40 మీటర్లు వచ్చిందనుకోండి, ఆ దూరం దాటడానికి 60 ఫ్రేములు పడితే సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72. జీపీఎస్ అంకె, ఈ లెక్క దగ్గరదగ్గరగా ఉంటే ఫైలు నిజాయితీకి అదే రుజువు. ఒక జాగ్రత్త: వైడ్ లెన్సులో ఎదుటి వాహనం ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. 'ఇంత దూరంలో ఉండగా బ్రేకు ఎందుకు వేయలేదు' అని అడ్డప్రశ్న వస్తుంది. ఏ లెన్సు సెట్టింగులో తీశారో నిపుణుడి చేత రిపోర్టులో రాయించండి.

ఇప్పుడు కార్డు పని. ఈ రోజే కెమెరాలోంచి తీయండి. తీసేముందు కెమెరా ఆన్ చేసి చూద్దామనుకోవద్దు. పడినప్పుడు చివరి ఫైలు సరిగ్గా మూసుకోకపోయి ఉంటే కెమెరా దాన్ని బాగుచేయబోయి కార్డు మీద రాస్తుంది. కార్డును పెద్ద అడాప్టర్లో పెట్టి, అడాప్టర్ పక్కనున్న చిన్న మీటను లాక్ వైపుకు జరపండి. ల్యాప్‌టాప్ ఇక దాని మీద రాయకుండా అది ఆపుతుంది. తర్వాత ఫోరెన్సిక్ పని తెలిసినవాళ్ల చేత కార్డు మొత్తానికి ఇమేజ్, అంటే బిట్టు బిట్టుగా అచ్చు నకలు, తీయించి, రికవరీ ప్రయత్నం ఆ ఇమేజ్ మీదే చేయించండి. మీ తమ్ముడు ఫార్మాట్ చేశాడా, ఊరికే ఫైళ్లు తీసేశాడా, కొత్తగా ఎంత సేపు వీడియో తీశాడు అన్నది అడిగి రాసుకోండి. కొత్త వీడియో పడని చోట పాతది ఇంకా ఉండొచ్చు.

ల్యాప్‌టాప్ ఫైలు ఇప్పుడు మీకు ప్రాణం. కార్డు నుంచి నేరుగా కాపీ చేసిందేనా, ఫోను యాప్ ద్వారా తెచ్చిందా? నేరుగా తెచ్చింది అయితే పేరు జీహెచ్ లేదా జీఎక్స్‌తో మొదలవుతుంది. ఆ అక్షరాల తర్వాతి రెండు అంకెలు భాగం సంఖ్య, చివరి నాలుగు అంకెలు వీడియో సంఖ్య. పొడుగు రైడును కెమెరా 01, 02, 03 అని ముక్కలుగా చేస్తుంది. ప్రమాదం ఉన్న ముక్క ఒక్కటే దాఖలు చేస్తే 'ముందు భాగంలో ఎలా నడిపావు, ఎందుకు దాచావు' అంటారు. అన్ని ముక్కలూ ఇవ్వండి. ఫైలు పేరు మార్చకండి, తెరిచి మళ్లీ సేవ్ చేయకండి. కెమెరా గడియారం తప్పుగా ఉండి ఫైలు తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తుంటే దిద్దకండి. అఫిడవిట్లో ఆ సంగతి రాసి, అసలు సమయానికి జీపీఎస్ ట్రాకు చూపండి.

ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ తీయాలి. విండోస్‌లోనే ఉన్న సెర్ట్‌యుటిల్ ఆదేశంతో షా-256 పద్ధతిలో తీస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. వీడియోలో ఒక్క బిట్టు మారినా ఆ వరుస మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో ఈ విలువ రాయాలి. 2024 జూలై 1 నుంచి ఆ పత్రానికి రెండు భాగాలు: మొదటిది మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి నమూనా జెరాక్స్ పట్టుకుని కొందరు ఇప్పటికీ వస్తున్నారు, అది చాలదు. కార్డులో అసలు ఫైలు దొరికి, మీరే బోనెక్కి కార్డును చూపితే ధ్రువపత్రం అక్కర్లేదని పాత చట్టం కింద అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీ కార్డు పరిస్థితి తెలియదు కాబట్టి పత్రం తయారుగా ఉంచుకోండి. ట్రిబ్యునల్‌లో విచారణ సంక్షిప్తం, సాక్ష్యం నిబంధనల పట్టు అంత గట్టిగా ఉండదు. కానీ అదే ఫైలు డ్రైవరు మీద క్రిమినల్ కేసులోనూ వాడాలి, అక్కడ సడలింపు ఉండదు.

చానెల్లో ఉన్న వీడియో, వాట్సాప్‌లో పంపుకున్న క్లిప్ సాక్ష్యంగా బలహీనం. ఎదురుగా వచ్చే లారీ నంబరు మీకు చదవడానికి దొరికేది రెండు మూడు ఫ్రేముల్లోనే. 4కే ఫైల్లో ఏపీ 39 తర్వాతి అక్షరాలు విడివిడిగా కనిపించిన చోట, కుదించిన క్లిప్పులో తెల్లటి మరక మిగులుతుంది. చానెల్ వీడియోను తొలగించకండి, తొలగిస్తే సాక్ష్యం మాయం చేశారంటారు. ప్రైవేటులో పెట్టండి. ఎప్పుడు పెట్టారో ఆ తేదీ మీకు పనికొస్తుంది. డ్రైవరు మీద తిట్లు రాసి కొత్త వీడియోలు పెట్టడం మానండి.

వీడియో ఒక్కదాని మీదే ఆనుకోకండి. మిమ్మల్ని మొదట చేర్చిన ఆస్పత్రిలో యాక్సిడెంట్ రిజిస్టరు నకలు తీసుకోండి. క్యాజువాలిటీ డాక్టరు ప్రమాదం ఎలా జరిగిందో ఒక వాక్యం రాసి ఉంటారు. అందులో 'లారీ తగిలి' అని ఉంటే, మీ బావ కాగితం కంటే దానికే బరువు ఎక్కువ, ఎందుకంటే అది తాపీగా ఆలోచించుకుని చెప్పిన మాట కాదు. 108లో వెళ్లి ఉంటే వాళ్ల నమోదు కూడా అడగండి. లారీ దాటబోయిన ఆటో వీడియోలో ఉంది కదా, దాని నంబరు చదవండి. ఆ డ్రైవరే మీ నిజమైన ప్రత్యక్ష సాక్షి. రోడ్డు పక్క టీకొట్టు మనిషిని మాట్లాడి పెడతామని ఎవరన్నా వస్తే పంపేయండి, వీడియోలో లేని సాక్షి అడ్డప్రశ్నలో నిలబడడు.

స్టేషన్లో లారీ నంబరు, ఫైలు హాష్ విలువ రాసి వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి, ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో నకలు పంపండి. మీ బావ ప్రమాద స్థలంలో లేడు కాబట్టి, తాను చూడలేదని, ఎవరో చెప్పింది రాసిచ్చానని ఆయన చేత వాంగ్మూలం ఇప్పించండి. పోలీసులు కార్డు అడిగితే పంచనామా మీదే ఇవ్వండి, హాష్ విలువ అందులో రాయమనండి, ఇచ్చేముందు ఇమేజ్ మీ దగ్గర ఉండాలి. కేసు ఇప్పటికే మూసి ఉంటే తదుపరి దర్యాప్తు కోరుతూ మేజిస్ట్రేటు ముందుకు పోవాలి. లారీ యజమాని, ఇన్సూరెన్స్ వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటు పరివాహన్‌లో కొంత దొరుకుతాయి, ఆర్టీఓ ఆఫీసులో బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (వాహనం రిజిస్ట్రేషన్ వివరాల నకలు) తీస్తే కోర్టుకు పనికొస్తుంది. గుర్తు తెలియని వాహనం గుద్ది పోయిన కేసుల్లో గాయపడినవాళ్లకు వచ్చే 50 వేల పరిహారానికి ఇప్పుడే దరఖాస్తు చేయకండి, నంబరు తెలిసి కూడా తెలియదన్నట్టవుతుంది. హెల్మెట్‌ను కెమెరా స్టిక్కరుతో సహా అలాగే సంచిలో కట్టి పెట్టండి, తుడవకండి. దానికి రంధ్రాలు చేసి కెమెరా బిగించారని వాళ్లు వాదించే అవకాశం ఉంది.

రిజిస్టరు నకల్లో లారీ మాట లేకపోయినా, కార్డులో ఏమీ దొరకకపోయినా పిటిషన్ మాత్రం ఆపకండి. ఆ కాగితాలు, ఆటో నంబరు పట్టుకుని ఈ వారంలోనే మీ ఊరి వకీలును కలవండి.